జ్యూరీ డ్యూటీ రోజున పిల్లలు, ఆఫీసు, ఇల్లు: టెక్సాస్‌లో ఉద్యోగం చేసే తల్లిదండ్రులు ఏం చేయాలి?

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ కోసం సివిక్స్ ప్రశ్నలు బట్టీ పట్టినప్పుడు "అమెరికా పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పండి" అన్నది మీరూ చదివే ఉంటారు. చాలామందిమి "ఓటు వేయడం" అని చెప్పి బయటపడ్డాం. దానికి ఇంకో జవాబు కూడా ఉంది: జ్యూరీలో పనిచేయడం, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడం. ప్రమాణం చేసి, పాస్‌పోర్టు తీసుకుని, ఓసీఐ కార్డు కూడా తెచ్చుకుని హాయిగా ఉన్నాక ఒక రోజు మెయిల్ బాక్సులో ఆ రెండో జవాబు కనిపిస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ వైపు ఉండేవాళ్ళ కోసం. రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి కాబట్టి కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉంటే డబ్బు లెక్కలు, మినహాయింపులు మీ సమన్స్ (కోర్టు పంపే పిలుపు కాగితం) మీదే చూసుకోండి. ఇంటి ఏర్పాట్లు మాత్రం ఎక్కడైనా ఒకటే.

నిజానికి కోర్టులో మీరు పడే కష్టం పెద్దగా ఉండదు. కూర్చోవాలి, వినాలి, అడిగితే చెప్పాలి. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఎన్ని గంటలకు వదులుతారో ఎవరూ చెప్పలేరు, ఆ సమయంలో ఫోన్ తీసి "ఆలస్యమవుతుంది, పిల్లాణ్ణి తీసుకురా" అని మెసేజ్ పెట్టే వీలు కూడా ఉండకపోవచ్చు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దీని చుట్టూనే.

1. కాగితం రెండు వైపులా చదవండి

కోర్టు కాగితం అనగానే కంగారుపడకండి. మీ మీద కేసేమీ లేదు. టెక్సాస్‌లో ఓటర్ల జాబితా, డ్రైవర్ లైసెన్సుల జాబితా కలిపి అందులోంచి కంప్యూటర్ పేర్లు తీస్తుంది. ముందు ఏ కోర్టు పిలిచిందో చూడండి. ఫ్రిస్కోలో కొంత భాగం కాలిన్ కౌంటీ, కొంత డెంటన్ కౌంటీ. మీ ఇల్లు కాలిన్ వైపు ఉంటే మెకిన్నీకి, డెంటన్ వైపు ఉంటే డెంటన్‌కి వెళ్ళాలి. పక్క వీధి స్నేహితుడు చెప్పిన అడ్రసు పట్టుకుని బయల్దేరకండి. సిటీ మున్సిపల్ కోర్టు నుంచి వస్తే ట్రాఫిక్ టికెట్ లాంటి చిన్న కేసులు, ఆరుగురు జ్యూరర్లు, సాధారణంగా ఒక పూట పని. ఫెడరల్ కోర్టు నుంచి వస్తే లెక్క వేరు. అక్కడ రోజుకు 50 డాలర్లు ఇస్తారు, కేసులు ఎక్కువ రోజులు నడిచే అవకాశం ఉంది.

తేదీ, హాజరు కావాల్సిన సమయం, జ్యూరర్ నంబరు, వెబ్‌సైటు, ఈ నాలుగూ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. జవాబు ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు. పక్కన పడేసి మర్చిపోతే టెక్సాస్‌లో 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

దీన్ని వాడుకునే మోసగాళ్ళూ ఉన్నారు. "మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, అరెస్టు వారెంటు ఉంది, వెంటనే డబ్బు కట్టండి" అని షెరిఫ్ ఆఫీసు పేరు చెప్పి ఫోన్ చేస్తారు, గిఫ్ట్ కార్డులు కొనమంటారు. ఏ కోర్టూ ఫోన్‌లో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేయండి. ఇంట్లో అమ్మా నాన్నా ఉంటే వాళ్ళకీ ఈ మాట చెప్పి ఉంచండి, పగలు ఫోన్ ఎత్తేది వాళ్ళే.

హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్ళకు కూడా అప్పుడప్పుడు సమన్స్ వస్తుంది. పౌరులు కానివాళ్ళు జ్యూరీలో కూర్చోకూడదు. అలాగని వదిలేయకుండా "పౌరుణ్ణి కాను" అన్న చోట టిక్ పెట్టి తిరిగి పంపాలి. పొరపాటున కూడా పౌరుణ్ణని రాయకండి. అబద్ధంగా పౌరసత్వం చెప్పుకున్నారన్న ముద్ర ఇమిగ్రేషన్ ఫైల్లో పడితే వదిలించుకోవడం చాలా కష్టం. అటువైపు, పౌరులై ఉండి తప్పించుకోవడానికి ఆ గడిలో టిక్ పెట్టే తెలివైనవాళ్ళూ ఉన్నారు. అలా టిక్ పెట్టినవాళ్ళ జాబితా ఓటర్ల రిజిస్ట్రార్‌కు వెళ్తుంది. ఓటు పోతుంది, పైగా ప్రమాణం మీద అబద్ధం చెప్పినట్టవుతుంది.

2. మినహాయింపు నిజంగా మీకు వర్తిస్తుందా?

టెక్సాస్ చట్టంలో తల్లిదండ్రుల కోసం ఒక మినహాయింపు ఉంది: 12 ఏళ్ళలోపు పిల్లలు మీ సంరక్షణలో ఉండి, మీరు జ్యూరీకి వెళ్తే వాళ్ళను చూసుకునే ఏర్పాటు లేకపోతే తీసుకోవచ్చు. మన వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని సగమే చెప్తారు: "పిల్లలున్నారా, టిక్ పెట్టేయ్." రెండో సగం ముఖ్యం. బిడ్డ డేకేర్‌కి వెళ్తుంటే, బడి తర్వాత ఆఫ్టర్ కేర్ ఉంటే, ఇంట్లో అమ్మమ్మ ఉంటే మీకు ఏర్పాటు ఉన్నట్టే. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నా, నెలల బిడ్డను ఇంట్లో మీరే చూసుకుంటున్నా, జీవిత భాగస్వామి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నా, మొహమాటం లేకుండా వాడుకోండి. మీలాంటివాళ్ళ కోసమే అది పెట్టారు.

మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు, అంటే ఏర్పాటు చేసుకోగలరు గానీ ఆ వారం మాత్రం కుదరదు అనేవాళ్ళకు, వాయిదా మంచి దారి. మొదటిసారి అడిగితే సాధారణంగా పెద్దగా ప్రశ్నలు లేకుండా ఇస్తారు. డిసెంబరులో ఇండియా టికెట్లు కొని ఉన్నా, పిల్ల అరంగేట్రం ఉన్నా, అత్తగారు వచ్చేది వచ్చే నెలైనా వాయిదా అడగండి. కొత్త తేదీ మీరే ఎంచుకునే వీలుంటే బడి ఉన్న రోజు ఎంచుకోండి, సెలవు రోజు వద్దు. "సమ్మర్‌లో అయితే ఖాళీగా ఉంటాం" అనుకుంటారు గానీ వేసవిలో పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు, క్యాంపులు మూడింటికో నాలుగింటికో వదిలేస్తాయి. బడి రోజైతే కనీసం పగలంతా వాళ్ళ సంగతి బడి చూసుకుంటుంది. సోమవారాలు, పెద్ద సెలవుల ముందు వారాలు కూడా తప్పించండి.

ఇంట్లో పెద్దవాళ్ళకు సమన్స్ వస్తే వేరే చూడాలి. 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళు గడిపి, సివిక్స్ పరీక్ష తెలుగులోనే రాసి పౌరులైన తాతయ్యలు, నాయనమ్మలు ఉన్నారు. వాళ్ళకు వయసు మీద ఒక మినహాయింపు, ఇంగ్లీషు అర్థం కాకపోతే మరో దారి ఉన్నాయి. వాళ్ళ తరఫున మీరు ఫారం నింపి పెట్టండి, సంతకం వాళ్ళనే చేయనివ్వండి.

3. ఆఫీసులో చెప్పడం

సమన్స్ వచ్చిన రోజే మేనేజర్‌కు కాపీ పంపండి. జ్యూరీ డ్యూటీ చేసినందుకు ఉద్యోగం తీసేయడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం. ఆ రోజు జీతం ఇవ్వాలన్న నియమం మాత్రం ప్రైవేటు కంపెనీల మీద లేదు. ఇక్కడే మనవాళ్ళు రెండు రకాలుగా విడిపోతారు.

ఫుల్‌టైమ్, నెల జీతం మీద ఉన్నవాళ్ళకు చాలా కంపెనీల్లో జ్యూరీ లీవ్ వేరుగా ఉంటుంది, టైమ్‌షీట్‌లో దానికో కోడ్ ఉంటుంది. ఓవర్‌టైమ్ రాని జీతగాళ్ళయితే, ఆ వారంలో ఒక్కరోజు పనిచేసినా జ్యూరీ కోసం రాలేదని జీతం కోయకూడదని ఫెడరల్ రూలు కూడా ఉంది. కోర్టు ఇచ్చిన ఫీజు అంత మాత్రం తగ్గించుకోవచ్చు. కాబట్టి "పీటీఓ (జీతంతో కూడిన మీ సొంత సెలవు) పెట్టు" అని మేనేజర్ అంటే తలూపకుండా ముందు హెచ్ఆర్ పాలసీ చదవండి. మేనేజర్లకు తరచూ తెలియదు.

కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన పనిచేసేవాళ్ళకు పరిస్థితి వేరు. పని చేయని గంటకు బిల్లింగ్ లేదు, బిల్లింగ్ లేకపోతే చాలా వెండర్లు పైసా ఇవ్వరు. కోర్టు ఇచ్చేది మొదటి రోజుకు 20 డాలర్లు, తర్వాత రోజుకు 58. పార్కింగు, లంచ్ పోను ఏమీ మిగలదు. ఒక రోజైతే ఓర్చుకోవచ్చు. వారం రోజుల కేసైతే ఇంటి అద్దె మీద దెబ్బ. ఇది అన్యాయమే అని నా అభిప్రాయం, కానీ ముందే తెలిస్తే కనీసం ఆ నెల లెక్క చూసుకోవచ్చు. గ్యాస్ స్టేషనో ఇండియన్ గ్రోసరీనో నడిపేవాళ్ళకూ ఇదే బాధ. కోర్టులో "డబ్బు నష్టం" అని చెబితే జడ్జి ఒక్కరే వదిలేయలేరు. ఆర్థిక కారణంతో వదలాలంటే రెండు పక్షాలూ అక్కడే ఉండి ఒప్పుకోవాలని టెక్సాస్ చట్టం. అందుకని ఆ మాట మీద ఆశ పెట్టుకోకండి.

టీమ్‌కి చెప్పేటప్పుడు "ఒక రోజు, ఒకవేళ ఎంపికైతే ఇంకొన్ని రోజులు" అని రెండు ముక్కలూ చెప్పండి. ఆ వారం ఆన్‌కాల్ వేరొకరికి మార్చండి. "కోర్టులో వైఫై ఉంటుందట, స్టాండప్‌కి జాయిన్ అవుతా" అని మాత్రం మాటివ్వకండి. వెయిటింగ్ హాల్లో ల్యాప్‌టాప్ తెరవొచ్చు. మీ పేరు పిలిచి కోర్టు రూములోకి తీసుకెళ్ళాక అన్నీ మూసేయాలి, అది ఏ క్షణమైనా కావొచ్చు.

4. ఇంటి ఏర్పాటు: సాయంత్రం ఏడు దాకా మీరు లేనట్టే అనుకోండి

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. పదకొండింటికే వదిలేయొచ్చు, ఐదున్నర దాకా కూర్చోబెట్టొచ్చు. ఆ పైన హైవే 121 మీదో 75 మీదో ట్రాఫిక్. కాబట్టి ఏడింటిదాకా ప్లాన్ వేసుకోండి, ముందే వచ్చేస్తే సంతోషం.

ఉదయం డ్రాప్. కోర్టుకు ఎనిమిదింటికో ఎనిమిదిన్నరకో రమ్మంటారు, ఎలిమెంటరీ స్కూలు గంట కూడా అటుఇటుగా అప్పుడే. రెండూ ఒకేసారి చేయలేరు. జీవిత భాగస్వామికి ఆ రోజు ఉదయం మీటింగులు లేకుండా క్యాలెండర్‌లో ముందే బ్లాక్ చేయించండి. అది కుదరకపోతే బడి ముందు నడిచే బిఫోర్ కేర్ ఒక్కరోజుకు దొరుకుతుందేమో అడగండి. కొన్ని చోట్ల ముందే రిజిస్టర్ అయి ఉండాలంటారు, అందుకే రెండు వారాల ముందే అడగడం మంచిది.

పికప్. ఎవరు తీసుకురాబోతున్నారో వాళ్ళ పేరు బడి రికార్డులో ఉండాలి, ఫోటో ఐడీ వాళ్ళ చేతిలో ఉండాలి. ఎదురింటి ఆంటీ పిల్లాడికి ఎంత అలవాటైనా జాబితాలో పేరు లేకపోతే ఆఫీసులో పంపరు, పంపకూడదు కూడా. కార్ లైన్ నంబరు కార్డు ముందురోజు రాత్రే వాళ్ళకిచ్చేయండి. చిన్నపిల్లల కార్ సీటు కూడా వాళ్ళ కారులోకి మార్చాలి. అందరికీ చివరి నిమిషంలో గుర్తొచ్చేది ఇదే.

అమ్మమ్మ, తాతయ్య విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే పెద్ద ధీమా. అయితే వాళ్ళు కారు నడపరనుకుంటే కార్ లైన్ కుదరదు. నడిచి వెళ్ళే దూరమైతే ఆ రోజుకు పిల్లను వాకర్‌గా మార్చమని టీచర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. బస్సు వచ్చే ఇల్లయితే స్టాపు దగ్గర ఎవరు నిలబడతారో చెప్పండి, కిండర్‌గార్టెన్ పిల్లలకు పెద్దవాళ్ళు కనిపించకపోతే చాలా చోట్ల బస్సు దించదు. ముందురోజు తాతయ్యను తీసుకెళ్ళి స్టాపు చూపించి రండి. ఇంటి తాళం కోడ్, మీ ఎదురింటివాళ్ళ నంబరు, బడి నంబరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. వేడి చేసుకోవాల్సినవి డబ్బాల్లో పెట్టి ఏ డబ్బాలో ఏముందో చెప్పి వెళ్ళండి. పాలు, పెరుగు, పులుసు, అన్నం ఉంటే పెద్దవాళ్ళు నెట్టుకొస్తారు. పిల్లలకు పాస్తా కావాలి కదా, అదొక్కటి చేసి ఉంచండి.

కూచిపూడి క్లాసు, కుమాన్, స్విమ్మింగ్, ఆ రోజు ఏదుంటే అది రద్దు చేయండి. ఒక్క క్లాసు పోతే ప్రపంచం మునిగిపోదు.

జ్వరం వస్తే? దీనికి జవాబు ముందే ఉండాలి. నర్సు మీకు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేరు. ఆ ఒక్క రోజు మొదట ఎవరికి ఫోన్ చేయాలో బడికి మెయిల్ పెట్టండి. సమన్స్ మీద ఉన్న జ్యూరీ ఆఫీసు నంబరు మీ భాగస్వామికి ఇవ్వండి. నిజమైన ఎమర్జెన్సీ అయితే ఆ ఆఫీసు నుంచి బెయిలిఫ్ (కోర్టు రూము చూసుకునే అధికారి) ద్వారా మీకు కబురు చేరుతుంది.

ఉదయం పిల్లల ముందు టెన్షన్ పడకండి. "నాన్నను పోలీసులు పిలిచారు" అని క్లాసులో చెప్పేస్తారు. ఆరేళ్ళ పిల్లకు ఇలా చెప్తే చాలు: ఇద్దరు గొడవపడితే ఎవరిది నిజమో చెప్పడానికి ఊళ్ళోవాళ్ళలో కొందరిని పిలుస్తారు, ఈసారి అమ్మను పిలిచారు.

5. సంచిలో ఏం పెట్టుకోవాలి

సమన్స్, ఫోటో ఐడీ, స్వెటర్. కోర్టు రూముల్లో ఏసీ గడ్డకట్టేస్తుంది, టెక్సాస్ ఆగస్టులో కూడా. ఫోన్ ఛార్జర్, పుస్తకం, నీళ్ళ సీసా. గుమ్మం దగ్గర ఎయిర్‌పోర్టు తరహా తనిఖీ ఉంటుంది కాబట్టి కీచైన్‌కి ఉన్న చిన్న చాకు, హ్యాండ్‌బ్యాగులో కత్తెర, పెప్పర్ స్ప్రే కారులోనే వదిలేయండి. షార్ట్స్, చెప్పులు వద్దు. ఆఫీసుకు ఎలా వెళ్తారో అలా వెళ్ళండి, సల్వార్ కమీజ్ కూడా బాగానే ఉంటుంది.

తిండి: శాకాహారులకు కోర్టు క్యాంటీన్లో చిప్స్, ఏదో ఒక సలాడ్ తప్ప ఏం దొరుకుతుందో చెప్పలేం. పులిహోర కట్టుకెళ్ళండి. ఫ్రిజ్ అక్కర్లేదు, చెంచాతో తినొచ్చు, మధ్యాహ్నం దాకా చెక్కు చెదరదు. ఆవకాయ అన్నం ఇంట్లో బాగుంటుంది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం వెబ్‌సైటు మళ్ళీ ఒకసారి చూడండి. కేసులు ఆఖరి నిమిషంలో రాజీ పడుతుంటాయి, నిందితుడు తప్పు ఒప్పుకుంటాడు, అప్పుడు రావక్కర్లేదని పెడతారు.

6. హాల్లో

సంతకం, బార్‌కోడ్ స్కాన్, ఒక చిన్న వీడియో, తర్వాత ఎదురుచూపు. ఆఫ్టర్ కేర్‌ వాళ్ళతో మాట్లాడాల్సింది ఉంటే ఇప్పుడే మాట్లాడండి. కొంతసేపటికి పేర్లు పిలిచి, నంబరు కార్డులిచ్చి, ఆ వరుసలోనే కోర్టు రూములో కూర్చోబెడతారు.

ఆ నంబరును బట్టి మీ సాయంత్రం ఎలా ఉంటుందో కొంత ఊహించవచ్చు. పెద్ద నేరాల కేసులో 12 మంది కావాలి, ఒక్కో పక్షం కారణం చెప్పకుండా పదేసి మందిని తీసేయొచ్చు. అంటే మొదటి 32 మందిలోంచి జ్యూరీ వస్తుంది. మధ్యలో కొందరిని జడ్జి కారణం చూపించి వదిలేస్తే ఆ గీత ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. మొదటిసారి తాగి బండి నడిపిన కేసు లాంటి చిన్న నేరమైతే కౌంటీ కోర్టులో ఆరుగురు, ఒక్కో పక్షం అలా ముగ్గుర్ని తీసేయొచ్చు, కాబట్టి మొదటి 12 మంది చుట్టూ తిరుగుతుంది. మీది 5వ నంబరైతే లంచ్ బ్రేక్‌లో ఇంటికి ఫోన్ చేసి "రేపు కూడా ఉండొచ్చు" అని చెప్పేయండి. 58వ నంబరైతే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

కారిడార్‌లో లాయరు ఎదురుపడి పలకరించకుండా మొహం తిప్పుకుంటే పొగరు అనుకోకండి. జ్యూరర్లతో మాట్లాడకూడదని వాళ్ళకు నియమం.

7. ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి

ముందు జడ్జి, తర్వాత ఇద్దరు లాయర్లు అందరినీ కలిపి ప్రశ్నలు వేస్తారు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగినప్పుడు పిల్లల సంగతి చెప్పడానికి అదే సమయం. "నా బిడ్డ ఆఫ్టర్ కేర్ ఆరింటికి మూసేస్తారు, మా ఆయన డల్లాస్ నుంచి ఆరున్నరకు వస్తారు, వేరే ఎవరూ లేరు" అని వివరంగా చెబితే జడ్జి వింటారు. "ఆఫీసులో రిలీజ్ ఉంది" అంటే ఆ గదిలో సగం మందికి ఏదో ఒక రిలీజ్ ఉంటుంది.

టెక్సాస్ లాయర్లు తప్పకుండా అడిగేవి కొన్ని ఉంటాయి. ఒక్క సాక్షి మాట పూర్తిగా నమ్మితే దాని మీద దోషి అని తేల్చగలరా? శిక్ష రెండేళ్ళ నుంచి 20 ఏళ్ళ దాకా ఉండొచ్చు, రెండు చివర్లూ ఆలోచించగలరా? ఇక్కడ నిందితుడు కోరితే శిక్ష ఎంతో కూడా జ్యూరీయే తేలుస్తుంది, అందుకే ఆ ప్రశ్న. నిందితుడు నోరు విప్పకపోతే దాన్ని అతనికి వ్యతిరేకంగా తీసుకుంటారా? చివరిది మనకు గట్టిగా తగులుతుంది. "తప్పు చేయనివాడు ఎందుకు మాట్లాడడు?" అని మనం పెరిగిన ఇళ్ళలో అనుకుంటారు. మీకూ అలాగే అనిపిస్తే అలాగే చెప్పండి. చట్టం ప్రకారం మౌనంగా ఉండటం అతని హక్కు, దాన్ని పక్కన పెట్టగలరో లేదో మీకే తెలుస్తుంది.

ఇంట్లో దొంగతనం జరిగిందా అని అడుగుతారు. బంగారం కోసం మన ఇళ్ళ మీద పడే దొంగతనాలు తెలియనివి కాదు. జరిగి ఉంటే చెప్పండి, కేసు ఏమైందో చెప్పండి. గృహహింస లాంటివి అందరి ముందు చెప్పలేరు కదా. జడ్జి దగ్గరికొచ్చి చెప్తానంటే దగ్గరకు పిలిచి వింటారు.

యాస గురించి మొహమాటపడక్కర్లేదు. రోజూ క్లయింట్ కాల్స్ నడిపేవాళ్ళు ఇక్కడ "ఇంగ్లీషు సరిగా రాదు" అనడం చూస్తే నాకు నవ్వొస్తుంది, జడ్జికి మాత్రం రాదు. జాతిని చూసి జ్యూరర్‌ను తీసేయకూడదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అక్కడ కూర్చునే హక్కు మిగతావాళ్ళంతే.

8. ఎంపికైతే: ఇంటికొచ్చాక నోరు కట్టేసుకోవాలి

చిన్న కేసులు ఒకటి రెండు రోజుల్లో తేలిపోతాయి. రాత్రి ఇంటికి పంపిస్తారు, పిల్లలకు అన్నం మీరే పెట్టొచ్చు. కేసు గురించి మాత్రం ఎవరితోనూ మాట్లాడకూడదు, భర్తతో గానీ భార్యతో గానీ. గూగుల్ చేయకూడదు, ఆ సంఘటన జరిగిన కూడలి మీ దారిలోనే ఉన్నా ఆగి చూడకూడదు, కమ్యూనిటీ గ్రూపులో పోస్టు పెట్టకూడదు.

కష్టం అక్కడే వస్తుంది. గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్‌లో "ఏం కేసురా? హత్యా?" అంటుంది. "జ్యూరీలో ఉన్నాను, గురువారం దాకా పట్టొచ్చు, అయిపోయాక అంతా చెప్తా" అనేయండి. ఇండియాలో జ్యూరీలు ఎందుకు లేవని నాన్న అడిగితే చెప్పడానికి ఒక కథ ఉంది: 1959లో బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక జ్యూరీకి చోటు లేకుండా పోయింది. దీంతో అరగంట గడిచిపోతుంది, మీ కేసు ఊసు రాదు.

తీర్పు చర్చల్లో కూర్చున్నాక ఫోన్లు బెయిలిఫ్ తీసుకుంటారు. నేరం కేసుల్లో అందరూ ఒక్క మాట మీదకు రావాలి. సివిల్ కేసులో 12 మందిలో పదిమంది, ఆరుగురిలో ఐదుగురు చాలు. ఆ చర్చ ఎప్పుడు ముగుస్తుందో ఊహించలేం, కాబట్టి ఆ రోజు పికప్ పూర్తిగా వేరేవాళ్ళ మీదే పెట్టండి. "నా బిడ్డను తీసుకురావాలి, తొందరగా తేల్చేద్దాం" అని మీకు అనిపించకూడదు. అవతల ఒక మనిషి జైలుకెళ్ళాలా వద్దా అన్నది తేలుస్తున్నారు.

కేసు వినడానికే బాధగా ఉంటే, ముఖ్యంగా పిల్లల మీద జరిగిన నేరమైతే, ఆ రాత్రి ఇంట్లో కాస్త ముభావంగా ఉంటారు. మాట్లాడలేరు కాబట్టి భాగస్వామికి ఒక్కమాట చెప్పండి: "ఇవాళ మనసు బాలేదు, పిల్లల స్నానాలు నువ్వు చూసుకో." అది నియమాలకు అడ్డం రాదు.

9. వదిలేశాక

బయటికొచ్చే ముందు క్లర్కు దగ్గర హాజరు సర్టిఫికెట్ తీసుకోండి, ఆఫీసు అడుగుతుంది. తొందరగా వదిలేస్తే మిగతా పూట ఆఫీసుకు రావాలా అన్నది కంపెనీ పాలసీలో ఉంటుంది, ముందే చూసి పెట్టుకోండి. ఫీజు వద్దనుకుంటే బాధితుల నిధికో పిల్లల సంక్షేమానికో ఇచ్చేయడానికి ఫారం మీద గడులుంటాయి. తీసుకుంటే అది ఆదాయమే, ట్యాక్స్ రిటర్నులో చూపాలి. కంపెనీ ఆ డబ్బు తిరిగి తీసుకుని ఉంటే అంత మొత్తం తగ్గించి చూపించుకోవచ్చు. చెక్కు కొన్ని వారాల తర్వాత పోస్టులో వస్తుంది, కార్ ఇన్సూరెన్స్ ప్రకటన అనుకుని చించేయకండి.